ఏనుగు కడుపులో ఊరు

నా ఫోన్‌లో 23 నిమిషాల వీడియో ఒకటి ఉంది. రెండు ఫోన్లు మారినా దాన్ని మాత్రం ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి మోసుకొస్తూనే ఉన్నాను. 2019 జూలైలో, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరానికి ఉత్తరాన ఇనాండా అనే చోట తీసింది. జూలై అక్కడ చలికాలం. ఎనభై దాటిన ఒక జులూ అవ్వ గడ్డితో అల్లిన చాప మీద కాళ్ళు బారజాపుకుని, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కథ చెబుతూ ఉంటుంది. వెలుతురు సరిగ్గా పడింది. మాట ఖంగున వినపడుతుంది. వెనకాల కుక్క అరుపు కూడా లేదు.

ఆ రాత్రే దాన్ని విజయనగరంలో ఉన్న అమ్మకు పంపాను. మర్నాడు ఫోన్ చేసి అమ్మ అన్న మొదటి మాట: "బాగానే చెబుతున్నట్టుంది గానీ, ఆవిడకి ఊ కొట్టేవాళ్ళెవరూ లేరేమే?"

అమ్మకు జులూ ఒక్క ముక్క రాదు. ఆ కథేమిటో తెలియదు. కానీ ఆవిడ మాట ఆపిన చోటల్లా ఏదో వెలితి అమ్మకు తగిలింది. రెండో నిమిషం నుంచి తనే ఫోను ముందు కూర్చుని ఊ కొట్టిందట. నాకేమో అదే గదిలో, ఆవిడకి మూడడుగుల దూరంలో కూర్చున్నా ఆ వెలితి తెలియలేదు.

జరిగింది చెబుతాను. ఆ అవ్వ మనవరాలు, నేను ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. "మా గోగో కథ మొదలుపెడితే వీధిలో పిల్లలంతా మా ఇంట్లోనే" అని ఆ అమ్మాయి చాలాసార్లు అంది. గోగో అంటే జులూలో నాయనమ్మా అమ్మమ్మా ఇద్దరూ. దారిలో కనబడిన ఏ పెద్దావిడనైనా అలాగే పిలుస్తారు, మనం అవ్వా అన్నట్టు. నేను ఫోనుకి స్టాండూ, కాలరుకి తగిలించే చిన్న మైకూ కొనుక్కుని మరీ వెళ్ళాను. గదిలో పిల్లలు తొమ్మిది మంది. అల్లరి చేస్తే రికార్డింగు పాడవుతుందని అందరికీ చాక్లెట్లు పంచి, నోటి మీద వేలేసి చూపించాను. బుద్ధిగా కూర్చున్నారు.

గోగో "క్వెసుకెసుకెలా..." అని ఆగింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ అంది. పిల్లలు నా వైపు చూశారు. ఆవిడ మనవరాలి వైపు తిరిగి ఏదో అడిగింది, మనవరాలు సర్దిచెప్పింది, కథ సాగింది, 23 నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ అడిగిందేమిటో తిరుగుదారిలో తెలిసింది. "పిల్లలకి ఒంట్లో బాగాలేదా?" అని. మామూలుగా అదే కథకు గంట పైనే పడుతుందని కూడా అప్పుడే తెలిసింది.

ఆఫ్రికా కథకుల గురించి ఎక్కడ మాటొచ్చినా ఒక వాక్యం తప్పకుండా వినపడుతుంది: ఆఫ్రికాలో ఒక ముసలివాడు చనిపోతే ఒక గ్రంథాలయం తగలబడిపోయినట్టే అని. మాలి దేశపు పండితుడు అమదూ హంపాతే బా 1960లో యునెస్కోలో చేసిన ప్రసంగంతో ముడిపడి ప్రపంచమంతా తిరిగిన మాట అది. ఆనాటి పరిస్థితిలో ఆ మాట ఎంత అవసరమో నాకు తెలుసు. అప్పుడప్పుడే దేశాలకు దేశాలు స్వాతంత్ర్యం తెచ్చుకుంటున్నాయి. రాత లేని జాతికి చరిత్రే లేదని పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్న కాలం. రాత ఉన్నవాళ్ళకు అర్థమయ్యే భాషలోనే ఆయన తన పెద్దల విలువ చెప్పాడు. ఆయన మీద నాకు గౌరవమే.

కానీ ఆ మాట అరవై ఏళ్ళుగా మన చేత ఒక తప్పు పని చేయిస్తోంది. గోగోని గ్రంథాలయం అనుకున్నాక మనం చేసేది ఏమిటి? పుస్తకాలు తగలబడకముందే బయటికి మోసుకురావాలని పరుగెత్తుతాం. మైకు పెడతాం, పిల్లల నోరు మూయిస్తాం, కథలు 'సేకరిస్తాం', ఎక్కడో భద్రపరుస్తాం, హమ్మయ్య అనుకుంటాం. నేను చేసింది సరిగ్గా అదే. గ్రంథాలయంలో పుస్తకం ఎవరూ తెరవకపోయినా అక్షరం చెదరకుండా అక్కడే ఉంటుంది. గోగో కథ అలా ఎక్కడా ఉండదు. ఆవిడ బుర్రలో ఉన్నది కథ కాదు, కథ కట్టే చేతివాటం. ఎదురుగా పలికేవాళ్ళు లేకపోతే ఆ చేతికి పనిముట్టు అందదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ విద్య దగ్గరనుంచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

జులూలో ఈ కథల్ని ఇంగనెక్వానె అంటారు. చెప్పేది ఎక్కువగా ఆడవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు. రాజుల్నీ వీరుల్నీ పొగిడే ఇంబోంగి వేరు. అతను నలుగురి ముందు నిలబడి గుక్క తిప్పుకోకుండా దండకంలా చదువుతాడు, అది ఎక్కువగా మగవాళ్ళ విద్య. ఇంగనెక్వానె రాత్రి పూట, తిండి అయ్యాక, ఇంట్లో. "క్వెసుకెసుకెలా" అంటే మన 'అనగనగా' లాంటిది. మన అనగనగాకి జవాబు ఉండదు. దానికి ఉంటుంది. వినేవాళ్ళంతా ఒక్క గొంతుతో "చోసి!" అనాలి. ఆ 'చో' తెలుగు అక్షరంలో ఇమడదు. మనం జాలిపడినప్పుడు నాలుక కొనను పళ్ళ వెనక ఆనించి 'చ్చ్' మంటామే, ఆ చప్పుడు జులూలో ఒక హల్లు. బండి తోలేవాళ్ళు ఎద్దుల్ని అదిలించడానికి బుగ్గ పక్కనుంచి తీసే చప్పుడు ఇంకో హల్లు. మనం మాటల బయట ఉంచిన చప్పుళ్ళను వాళ్ళు మాటల్లోకే తెచ్చుకున్నారు. తొమ్మిది మంది పిల్లలు చీకట్లో ఒక్కసారిగా ఆ చప్పుడుతో "చోసి" అంటే నిప్పుల మీద నీళ్ళు చిలకరించినట్టు ఉంటుంది. ఆ జవాబు వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. రాకపోతే చెప్పేమనిషి గడప బయటే నిలబడాలి. గోగో ఆ రోజు రెండుసార్లు తలుపు కొట్టింది.

లోపలికి వెళ్ళాక ఆవిడ పట్టుకునేది వాక్యాలను కాదు, చప్పుళ్ళను. మన గబగబ, దబదబ, చిటపట లాంటి మాటలు జులూలో కుప్పలు. చిమ్మచీకటి అనడానికి 'నల్లగా బుఖే' అన్నట్టు అంటారు, నలుపు చివర ఇంకో రకం నాలుక చిటికె వేస్తే చీకటి చిక్కబడుతుంది. అంతా నిశ్శబ్దమైపోయింది అనడానికి 'చ్వాకా' అంటారు. గోగో "క్వాతి చ్వాకా" అన్నప్పుడు రెండు అరచేతులూ నేలకు దించి, ఊపిరి బిగబట్టి, పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉండాలన్నది ఏ పుస్తకంలోనూ రాయలేరు. చివరి వరుసలో చిన్నది కదలకుండా ఉన్నంతసేపు.

ఇక ఆవిడ చెప్పిన కథ. జులూ దేశంలో పాతదే, 1868 నాటికే అచ్చులోకి ఎక్కినది.

నానానా అనే ఒక ఆడమనిషి ఉంది. తన తెలివి మీద తనకి ఎంత ధీమా అంటే, దారికి అడ్డంగా, సరిగ్గా నడి బాటలో ఇల్లు కట్టుకుంది. ఇద్దరు పిల్లలు, చూడముచ్చటైనవాళ్ళు. ఒకనాడు కట్టెలకి వెళ్ళింది. ఏనుగొచ్చి పిల్లలిద్దర్నీ మింగేసి పోయింది. తల్లి తిరిగొచ్చి, సంగతి తెలుసుకుని, కత్తి తీసుకుని బయలుదేరింది. దారిలో కనబడిన జంతువునల్లా అడుగుతుంది: నా పిల్లల్ని మింగిన ఏనుగుని చూశారా? అన్నీ ఒకటే చెబుతాయి: ఇంకా ముందుకు పో, తెల్లరాళ్ళు ఉంటాయి, ఎత్తైన చెట్లు ఉంటాయి, అక్కడ. చివరికి ఏనుగు దొరుకుతుంది, ఆవిణ్ణి కూడా మింగుతుంది. మింగితే ఏముంది లోపల? అడవులు, నదులు, కొండలు, బండరాళ్ళు. ఊళ్ళకు ఊళ్ళు కట్టుకుని జనం. వాళ్ళ ఆవులు, వాళ్ళ కుక్కలు. మధ్యలో తన పిల్లలిద్దరూ ఆకలితో కూర్చుని ఉన్నారు. "ఇంత మాంసం చుట్టూ పెట్టుకుని పస్తులుండడమేమిటి, కోసుకుని కాల్చుకోలేకపోయారా?" అంటుంది నానానా. "కోస్తే ఇది మనల్ని చంపేయదూ?" అంటారు వాళ్ళు. "చచ్చేది అదే" అని ఆవిడ మంట రాజేసి, ఏనుగు కాలేయం కోసి కాల్చి, అందరికీ పెడుతుంది. బయట ఏనుగు మూలుగుతూ ఉంటుంది, ఈ మనిషిని మింగినప్పట్నుంచీ ఒంట్లో బాగుండట్లేదని. చస్తుంది. నానానా పక్కటెముకలు కోసి దారి చేస్తుంది. మొదట ఆవు బయటికొచ్చి "అంబా, మళ్ళీ లోకం చూశాం" అంటుంది. తర్వాత మేక. తర్వాత కుక్క. తర్వాత నవ్వుతూ జనం. అందరూ ఆవిడకి ఆవులూ మేకలూ ఇచ్చి పంపుతారు.

ఇప్పుడు మీరు చదివినది ఒక నిమిషంలో అయిపోయింది. దీన్ని గంటసేపు చెప్పడంలోనే ఉంది విద్యంతా. నానానా దారిలో ఎన్ని జంతువుల్ని అడుగుతుంది? అచ్చులో ఆ లెక్క ఖరారైపోయింది. గోగోకి ఆ లెక్క గదిలో ఉంది. పిల్లలు జవాబును తామే పాడుతూ ఊగుతుంటే ఇంకో జంతువు వస్తుంది, దాని నడక ఆవిడ భుజాల్లోకి వస్తుంది. ఆవలింతలు కనబడితే ఏనుగు తొందరగా దొరికిపోతుంది. నా వీడియోలో నానానా రెండే జంతువుల్ని అడిగింది.

దీన్ని నాకన్నా ఎంతో లోతుగా పట్టుకున్నవాడు హెరాల్డ్ షూబ్. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు. 1967 నుంచి దక్షిణాఫ్రికా ఆగ్నేయ తీరం వెంట కాలినడకన వందల మైళ్ళు తిరిగి, జులూలకు పొరుగైన షోసా జాతి ఇళ్ళల్లో, జులూ ఇళ్ళల్లో వేల కథలు రికార్డు చేశాడు. ఆయన గమనించింది ఇది: ఈ కథకులు కథను కంఠతా పట్టరు. ఒక పాటో, ఒక పలుకుబడో, మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక పిలుపో, అంతే గుర్తుంచుకుంటారు. దాన్ని ఎదుటివాళ్ళ ముందు విప్పుతూ పోతారు. వినేవాళ్ళ చప్పట్లూ, పాటా, ఒంటి ఊపూ అందులో కలిసిపోతాయి.

ఆయనకు కథలు చెప్పినవాళ్ళలో నోంగెనిలె మసితతు జెనాని అనే షోసా మహిళ ఉంది. ట్రాన్స్‌కైలోని గత్యానా ప్రాంతం. వైద్యం చేసేది. కథలు చెప్పడమే కాదు, కథ ఎలా కట్టాలి, ఎందుకు చెప్పాలి అన్నదాని గురించి కూడా విడమరచి మాట్లాడగలిగిన మనిషి. 1992లో విస్కాన్సిన్ వాళ్ళు ఆమె కథల పుస్తకం అచ్చువేసినప్పుడు రచయిత్రిగా ఆమె పేరే వేశారు, షూబ్ పేరు సంపాదకుడిగా దాని కింద. ఆ క్రమం చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

ఎందుకంటే అంతకు 124 ఏళ్ళ ముందు అలా జరగలేదు. నానానా కథను 1868లో అచ్చువేసినది హెన్రీ కాలవే అనే ఆంగ్లేయుడు. వైద్యుడూ, మిషనరీ. డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతంలో స్ప్రింగ్‌వేల్ అనే చోట తన మిషన్‌లోనే అచ్చు యంత్రం పెట్టుకుని వేశాడు. ఆయనకు దక్కాల్సిన మెప్పు ఇవ్వాలి. కథల్ని ఇంగ్లీషులోకి మార్చేసి జులూని పారేయలేదు; ఒకపక్క జులూ, ఇంకోపక్క ఇంగ్లీషు వేశాడు. చెప్పినవాళ్ళ పేర్లు కూడా కథల దగ్గర వేశాడు. అందులో మంచి కథలు ఎన్నో చెప్పినావిడ పేరు లిడియా ఉమ్‌కసెతెంబ. లిడియా బాప్తిస్మం పేరు. ఉమ్‌కసెతెంబ అంటే సెతెంబ పెళ్ళాం. ఒకటి చర్చి ఇచ్చింది, ఇంకోటి మొగుడి ద్వారా వచ్చింది. అట్ట మీద మాత్రం కాలవే పేరు.

నేను ఆమె గురించి ఎక్కువగా ఆలోచిస్తాను. రాత్రి కథను పగలు ఒక దొర కలం ముందు కూర్చుని, ఆ కలం అందుకునేలా ఆపి ఆపి చెబుతున్న మనిషి. ఎదుట "చోసి" అనేవాళ్ళు లేరు. అయినా ఆ కథలు ఈ రోజుకీ చదువుతుంటే ముందుకు లాగుతాయి. ఆమె ఎంత గొప్ప కథకురాలో అందుకే తెలుస్తుంది. ఆమె గొంతులో మనకు అందింది ఎంత తక్కువో కూడా.

ఇక్కడ ఒక్క మాట పక్కకి వెళ్ళి చెప్పాలి, మనవాళ్ళ గురించి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రురో అనే ఓడ డర్బన్ రేవుకి చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు కూలీలుగా నటాల్ వెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇప్పటికీ డర్బన్‌లో దుకాణాల బోర్డుల మీద నాయుడు, రెడ్డి కనబడతాయి. అంటే లిడియా కథలు చెబుతున్న అదే కాలంలో, అదే నటాల్‌లో, చెరకు తోటల బారకాసుల్లో మన అవ్వలు కూడా చీకటి పడ్డాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఉంటారు. ఓడల జాబితాల్లో వాళ్ళ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు కూడా రాసి ఉన్నాయి. కథలకి ఆ జాబితాలో గడి లేదు.

సరే. 'ఆఫ్రికా కథకుడు' అనగానే చాలామందికి కళ్ళముందు కదిలేది పశ్చిమాన మాలి, గినీ దేశాల్లోని జేలి. తరతరాలుగా వంశపారంపర్యంగా వచ్చే వృత్తి, కుయాతే, జబాతే లాంటి ఇంటిపేర్లు, 21 తీగల కోరా, సుంజాత చక్రవర్తి గాథ. గోగోకీ జేలికీ మధ్య దూరం మన అమ్మమ్మకీ ఒగ్గు కథకుడికీ ఉన్నంత. జేలికి అది జీవనాధారం, గోగోకి అంట్లు తోముకున్నాక మిగిలిన సాయంత్రం. కానీ అంత వేరైన జేలి దగ్గర కూడా ఒక మనిషి పక్కనే ఉంటాడు. జేలి ఒక చరణం అనగానే ఆ మనిషి "నాము" అంటాడు. అవును, నిజం, అని. చరణానికి చరణానికి మధ్య నాము, నాము, నాము. అది ఎవరో ముచ్చటపడి అనేది కాదు. అదొక పాత్ర, దానికి పేరుంది, అలవాటైనవాళ్ళు చేస్తారు. మన బుర్రకథలో వంత లేకుండా కథకుడు ఒక్కడే అరగంట చెప్పుకుపోతే ఎలా ఉంటుంది? అలాంటిదే. అంత విశాలమైన ఖండంలో ఈ చివర గోగోకి చోసి, ఆ చివర జేలికి నాము, విజయనగరంలో మా అమ్మకి ఊ. కథ ఒక్క నోటి పని కాదని ఇంతమంది వేరువేరుగా తేల్చుకున్నారు.

ఇంకో పాతుకుపోయిన ఊహ కూడా ఉంది, దాన్ని కూడా తవ్వాలి. నిప్పు చుట్టూ పిల్లలు, మధ్యలో అవ్వ, 'అనాదిగా వస్తున్న' దృశ్యం. పగలు కథ చెబితే నెత్తిన కొమ్ములు మొలుస్తాయని జులూ పిల్లల్ని బెదిరిస్తారు. పొలం పనీ పశువుల పనీ సాగాలంటే అలాంటి కట్టడి ఉండాలి. అది పాతదే. కానీ పిల్లలకు అవ్వే దిక్కయిన ఇళ్ళు ఇంతగా పెరగడం అనాది కాదు, దానికి తేదీలున్నాయి. 1886లో, ఇప్పటి జొహానెస్‌బర్గ్ ఉన్న విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. 1913 భూచట్టం నల్లవాళ్ళకు దేశంలో సుమారు 7 శాతం భూమి మిగిల్చింది. మగవాళ్ళు గనులకి పోయారు, మగవాళ్ళ హాస్టళ్ళలో ఉన్నారు, పెళ్ళాం బిడ్డల్ని వెంట తీసుకెళ్ళడానికి నల్లవాళ్ళ రాకపోకల్ని కట్టడి చేసే పాస్ చట్టాలు ఒప్పుకోలేదు. తర్వాత తల్లులు కూడా పట్నంలో తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి పోయారు. ఎవరి పిల్లల్నో జోకొట్టి నిద్రపుచ్చడానికి. తమ పిల్లలు గోగో దగ్గర. ఆ రాత్రుల్లో గోగో చెప్పిన కథ వినోదం మాత్రమే అని నేను అనుకోలేను. మింగేసిన దాని కడుపులో కూడా మంట రాజేసుకుని అన్నం తినొచ్చని, ఆ కడుపు ఎప్పటికైనా తెరుచుకుంటుందని చెప్పే కథ అది. దాన్ని 'పిల్లల కథ' అని అరలో పెట్టేవాళ్ళు ఆ ఇంట్లో లేనివాళ్ళు.

ఇంత చెప్పి రికార్డు చేయొద్దంటావా, కాలవే రాసుకోకపోతే లిడియా నీకెలా తెలిసేది, షూబ్ టేపులు లేకపోతే జెనాని ఎవరికి తెలిసేది అని అడుగుతారు. నిజమే, రికార్డు చేయాలి. నా గొడవ రికార్డుతో పని అయిపోయిందనుకోవడంతో. ఇంకా, ఎలా చేస్తున్నామన్న దానితో. పిల్లల అరుపులు, కుక్కలు, మధ్యలో లేచి వెళ్ళిన వాడి తలుపు చప్పుడు, వీటిని 'నాయిస్' అని తీసేస్తున్నాం. కథలో సగం అదే. కథకురాలికి డబ్బు ఇవ్వడం లేదు, ఇస్తే ఆ పవిత్రత పోతుందన్నట్టు మాట్లాడతాం, అదే నోటితో జానపద విజ్ఞానం మీద సదస్సులకి వెళ్ళినవాళ్ళకి ప్రయాణ ఖర్చులు ఇస్తాం. ఆ టేపుల నకలు ఆ ఊరికి తిరిగి వెళ్ళాలి, వాళ్ళ భాషలో వెళ్ళాలి. అన్నిటికన్నా ముందు, బడుల్లో పిల్లల్ని నోరు తెరవనివ్వాలి. చేతులు కట్టుకుని నిశ్శబ్దంగా వినడమే మర్యాద అని నేర్పిన తరగతిగదిలోకి ఎంత గొప్ప కథకురాలిని తెచ్చినా ఆవిడ గడప బయటే నిలబడుతుంది.

ఇది ఇంకా జరగని పని కాదు. గ్చీనా మ్‌హ్లోఫె చేస్తోంది. ఇనాండాకి ఎంతో దూరం లేని హమర్స్‌డేల్‌లో 1958లో పుట్టింది. తండ్రి జులూ, తల్లి షోసా. చిన్నతనంలో గోగో దగ్గర పెరిగింది, ఆ గోగోనే ఆమెకు కథలు నేర్పింది. ఇళ్ళల్లో పనిమనిషిగా చేసింది, రేడియోలో వార్తలు చదివింది, నటించింది, నాటకాలు రాసింది. కథ చెప్పడమే బతుకుగా చేసుకోవచ్చన్న ఆలోచన ఆమెకు 1988లో షికాగోలో వచ్చింది. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో ఒక గ్రంథాలయంలో కథలు చెబితే, జనం పెరిగి పెరిగి మళ్ళీ మళ్ళీ రమ్మన్నారట. గ్రంథాలయంలోనే! తర్వాత స్వదేశంలో జనెండాబా అనే కథకుల బృందాన్ని మొదలుపెట్టింది. ఆ మాటకి 'ఒక కథ తీసుకురా' అని అర్థం. జులూ, షోసా, ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ నాలుగు భాషల్లోనూ చెబుతుంది, బడి పిల్లల్ని పాడిస్తుంది, పలికిస్తుంది, పుస్తకాలు చదవమని కూడా తనే ఊరూరా తిరిగి ప్రచారం చేస్తుంది. నోటికీ అచ్చుకీ పగ ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. నేనూ అనుకోను.

అమ్మ ఫోన్ చేసిన మూడు వారాలకి మళ్ళీ ఇనాండా వెళ్ళాను. ఈసారి స్టాండు లేదు, మైకు లేదు. ఫోను సంచిలోనే ఉంచాను. చలి తగ్గలేదు, గది మూల చిన్న హీటరు ఎర్రగా వెలుగుతోంది. దాని చుట్టూ పిల్లలు, ముందు వచ్చినవాళ్ళకి దగ్గర చోటు. ఈసారి పదముగ్గురు. నేను గోడవార కూర్చోబోతే గోగో "న్దొదకాజి" అని పిలిచింది. కూతురా అని. పిల్లల మధ్యలో చోటు చూపించింది.

"క్వెసుకెసుకెలా..."

"చోసి!" గది దద్దరిల్లింది. నాకు రాలేదు ఆ చప్పుడు. పక్కనున్న ఆరేళ్ళది నా వైపు తిరిగి, నోరు తెరిచి, నాలుక ఎక్కడ పెట్టాలో చూపించింది. రెండోసారి వచ్చింది.

అదే నానానా. అదే నడి బాటలో ఇల్లు. కానీ ఆ రాత్రి ఆవిడ ఎన్ని జంతువుల్ని అడిగిందో లెక్కపెట్టలేకపోయాను. అడవిపందిని అడిగింది, చిరుతని అడిగింది. ఒకడు "టాక్సీ డ్రైవర్ని అడుగు!" అని అరిచాడు. అక్కడ టాక్సీ అంటే మన సర్వీసు ఆటోల్లాంటి వ్యాను, మనుషుల్ని కుక్కుకుని పోతుంది. గోగో ఒక్క క్షణం కూడా ఆగలేదు. నానానా చెయ్యెత్తి టాక్సీ ఆపింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, తెల్లరాళ్ళు, ఎత్తైన చెట్లు, ఎక్కమ్మా ఎక్కు, అని ఇనాండా అంతటికీ తెలిసిన ఆ కేకలోనే పాడాడు. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. ఆ నవ్వు తగ్గేలోపే ఏనుగు వచ్చి మింగింది. చ్వాకా. ఎవరూ కదల్లేదు.

కాలేయం కోసేటప్పుడు ఆవిడ అరచేతి అంచుతో తన డొక్కలోనే కోసి చూపించింది, నెమ్మదిగా. ఇద్దరు పిల్లలు తమ డొక్కలు పట్టుకున్నారు. ఏనుగు చచ్చింది. పక్కటెముకలు తెరుచుకున్నాయి. ఆవు వచ్చింది. మేక వచ్చింది. కుక్క వచ్చింది. "ఇంకా ఎవరొచ్చారు?" అని గోగో అడిగింది.

పిల్లలు ఒక్కొక్కరే పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. తప్పిపోయిన పిల్లి. ఎదురింటి ముసలాయన. నిరుడు చనిపోయిన టీచరు. ప్రతి పేరుకీ గోగో ఒక నడక ఇచ్చి, ఒక మాట ఇచ్చి, లోకంలోకి పంపుతోంది. అప్పటిదాకా మాట్లాడకుండా హీటరుకి దగ్గరగా కూర్చున్న ఏడేళ్ళ పిల్లాడు "ఉబాబా" అన్నాడు. నాన్న. వాళ్ళ నాన్న రుస్టెన్‌బర్గ్‌లో ప్లాటినం గనిలో ఉన్నాడని మనవరాలు నా చెవిలో చెప్పింది.

గోగో నవ్వలేదు, జాలిగా చూడనూ లేదు. చేతులు రెండూ ముందుకు చాపి, ఎవరికో ఆసరా ఇచ్చి బయటికి లాగుతున్నట్టు లాగింది. వచ్చినాయనకి కొంచెం వంగిన నడుము పెట్టింది, తల మీద దీపం పెట్టింది. ఆయన వెలుతురుకి కళ్ళు చికిలించాడు. పిల్లాడి వైపు చూసి పలకరించాడు. పిల్లాడు "యెబో, బాబా" అని బదులు పలికాడు, కథలో ఉన్నవాడిలా.

పక్కవాడు కూడా వెంటనే "ఉబాబా!" అన్నాడు. తర్వాత ఇంకో అమ్మాయి "ఉమా", అమ్మ అంది. నాకు చివరి టాక్సీ తప్పిపోతుందని మనవరాలు భుజం తట్టింది. నేను చెప్పులు వెతుక్కుని గుమ్మం దాటేసరికి ఏనుగు కడుపులోంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు.